మిషన్ నోరు మూసిన మధ్యాహ్నం

"పొద్దున నువ్వు చెయ్యి పెట్టాకే చచ్చిందిరా ఇది!"

కుట్టుమిషన్ ముందు నిలబడి టైలరమ్మ తన తమ్ముడి మీద నిప్పులు చెరుగుతోంది. తమ్ముడు మిషన్ల మెకానిక్కు. పొద్దున నూనె వేసి వెళ్ళినవాణ్ణి ఫోన్ చేసి వెనక్కి రప్పించింది. సగం కుట్టిన స్టేజీ తెర గదంతా పరుచుకుని ఉంది. సాయంత్రమే స్కూల్లో నాటకం. తెర కోసం హెడ్‌మిస్ట్రెస్ స్వయంగా వచ్చి కూర్చుంది.

"ఇది అందకపోతే, వచ్చే ఏడాది యూనిఫారాలు ఇంకోచోట ఇవ్వాల్సొస్తుందమ్మా." మెత్తని కత్తిలా దిగింది ఆ మాట.

పక్కగదిలో ఆవిడ భర్త అయిన ఇంగ్లీషు మాస్టారికి చెమటలు పట్టాయి. మిషన్ రొద ఆయన ఆదివారం మధ్యాహ్నపు నిద్రని నమిలి మింగేస్తోంది. అందుకే భార్య భోంచేస్తుండగా మోటారు మూత విప్పి, బెల్టు లాగేసి, మూత మళ్ళీ బిగించేశాడు. ఒక్క కునుకు తీసి తగిలించేద్దామనుకున్నాడు. తీరా చూస్తే ఆ తెర తన స్కూలుదే, వచ్చింది తన పై అధికారే!

ఏమీ ఎరగనట్టు బయటికొచ్చాడు.

"బావా, మీరైనా చెప్పండి. నూనె వేస్తే మిషన్ చస్తుందా?"

"ఏమోనోయ్, హస్తవాసి ఉండాలి," అన్నాడు మాస్టారు. భార్య వైపు తిరిగి, "పోనీలేవే, నీకూ కాస్త రెస్పైట్ దొరికింది," అన్నాడు.

ఆవిడ కళ్ళు చిన్నవయ్యాయి.

"అంటే ఏంటండీ?"

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. ఏ పదమైనా సరే, ఉదాహరణ ఇవ్వకపోతే ఆయనకి అన్నం అరగదు.

"తాత్కాలిక ఉపశమనం. పూర్తిగా పోయే బాధకి ఆ మాట వాడకూడదు. కాసేపు ఆగాలి, మళ్ళీ మొదలవ్వాలి. పంటినొప్పికి మాత్ర మింగితే దొరికేది రెస్పైట్. పన్నే పీకేస్తే కాదు."

"భేష్!" అంది హెడ్‌మిస్ట్రెస్.

పొగడ్త నెత్తికెక్కింది.

"మనింటికి తగ్గట్టు ఒకటి చెప్పండి," అంది భార్య, తేనె పూసిన గొంతుతో.

"ఓస్, అదెంత! 'మోటారు బెల్టు ఊడదీయగా ఇంటికి గంటసేపు రెస్పైట్ లభించెను.'"

అందరూ ఒక్కసారిగా మాస్టారి వైపు తిరిగారు.

తమ్ముడి స్క్రూడ్రైవరు ఇంకా చేతిలోనే ఉంది. మూత విప్పనే లేదు. లోపల ఏది లేదో ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు.

తమ్ముడు గబగబా మూత విప్పాడు. బెల్టు లేదు.

మాస్టారు మెల్లగా గుమ్మం వైపు జరిగాడు. భార్య ఆయన చొక్కా కాలరు పట్టుకుని ఆపింది.

"మేడమ్, తెర సాయంత్రానికి మీ స్టేజీ మీదుంటుంది. అంచుకి చేతికుట్టు ఈయనే వేస్తారు. ఒరేయ్ తమ్ముడూ, అనవసరంగా నిన్ను తిట్టాన్రా. ఈ మిషన్ని చంపింది నువ్వు కాదు. ఇదిగో, మీ బావ!"