రేపల్లెకు ఇద్దరు కృష్ణులు

ఉప్పెన వచ్చి ఏడాది దాటిన మాఘమాసంలో, ఒక ఉదయం తెనాలి మినుముల వ్యాపారి బసవేశ్వరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇడ్లీ తినాలి, వేషాల పెట్టెలు రైలెక్కించాలి, రేపల్లెలో దిగి చీకటి పడగానే నాటకం మొదలుపెట్టించాలి.

మినుములు ఆయనకు కూడు పెట్టేవి. నటుల్ని కుదిర్చి ఊరూరా నాటకాలు ఆడించే కంట్రాక్టు ఆయనకు పేరు తెచ్చిపెట్టింది. మినుముల్లో మట్టిబెడ్డలుంటే బస్తా మార్చి ఇవ్వవచ్చు, మాటలో మట్టిబెడ్డలుంటే జనం మనిషినే మార్చేస్తారని ఆయన లెక్క. ఇప్పుడు రేపల్లె వాళ్లకు మాట ఇచ్చి ఉన్నాడు. కమిటీ పెద్ద వెంకట్రామయ్య స్వయంగా తెనాలి వచ్చి, "ఊరు ఏడ్చి ఏడ్చి అలిసిపోయిందండి. ఒక్క రాత్రి కడుపునిండా పద్యం వినాలి. ఇద్దరు కృష్ణులుండాలి" అని చెప్పి వెళ్లాడు.

పద్యనాటకంలో ఒకే వేషాన్ని ఇద్దరు పంచుకోవడం ఆ వైపు ఆనవాయితీ. ముందు సీన్లకు మొదటి కృష్ణుడు, తరువాతి సీన్లకు రెండో కృష్ణుడు. జనం ఇద్దరినీ త్రాసులో వేసి తూచుకుంటూ తెల్లవార్లూ కూర్చుంటారు. మొదటి కృష్ణుడు బాపట్ల నరసింహమూర్తి. రెండో కృష్ణుడు అమృతలూరు గోపాలకృష్ణ.

ఇడ్లీ సగంలో ఉండగా నరసింహమూర్తి బాపట్ల నుంచి దిగాడు. మెడకు ఉన్ని మఫ్లరు చుట్టి ఉంది.

"ఏంటి మూర్తిగారూ, జలుబా?"

నరసింహమూర్తి నోరు తెరిచాడు. గాలి వచ్చింది కాని మాట రాలేదు. దగ్గరికి వంగి వింటే తప్ప తెలియని గుసగుసతో అన్నాడు: "పోయింది బసవయ్యా. నిన్నా ఇవాళా కాదు, ఉప్పెన ముందు నుంచే పోతూ ఉంది. వన్స్‌మోర్ అంటారేమోనని భయపడి చిన్న పద్యాలే పాడుకుంటూ వచ్చాను. ఇక ఆ చిన్నవీ లేవు."

బసవేశ్వరరావు మిగిలిన ఇడ్లీని పక్కకు నెట్టాడు. ఇంతకాలం తను అమ్ముకున్న సరుకు ఈ గొంతే. దాని మీద జాలిపడడానికి కూడా ఆ పూట వ్యవధి లేదు.

"మీ మేనల్లుడున్నాడుగా?" అన్నాడు.

నరసింహమూర్తి ముఖం తిప్పుకున్నాడు. మేనల్లుడు పురుషోత్తం ఆయన ఇంట్లోనే, ఆయన పద్యాలు వింటూనే పెరిగాడు. మీసం వచ్చాక జుట్టు భుజాల దాకా పెంచి, ఎలక్ట్రిక్ గిటారు మెడలో వేసుకుని ఇంగ్లీషు రాక్ పాటలు మొదలుపెట్టాడు. బాపట్ల పోటీల్లో గెలిచాడు, గుంటూరు పోటీల్లో గెలిచాడు, కిందటేడు హైదరాబాదు వెళ్లి టెలివిజన్ పోటీలో కూడా పాడి వచ్చాడు. తెనాలిలో ఎవరికీ టెలివిజన్ లేదు కాబట్టి అక్కడ ఓడాడో గెలిచాడో చూసినవాడు లేడు. గెలిచాడని ఊరు తీర్మానించుకుంది. ఆ గిటారును చూసిన రోజే మామయ్య వాణ్ణి గడప తొక్కవద్దన్నాడు.

బసవేశ్వరరావు తెనాలిలోనే ఉన్న ఆర్కెస్ట్రా గదికి వెళ్లి పురుషోత్తాన్ని నిద్రలేపాడు. విషయం చెప్పాడు. మామయ్య వేషం కట్టి పెదవులు కదుపుతాడు, నువ్వు తెర వెనక పాడాలి.

"బాబాయ్, ఇది మోసం కాదా?"

"బస్తా ఒకరిది, సరుకు ఒకరిది. వ్యాపారంలో ఇలాంటివి ఉంటాయి. పద్యాలు గుర్తున్నాయా?"

"మరిచిపోదామని చూశాను. పోవు." కుర్రవాడు దుప్పటి మడిచాడు. "మావయ్యకు నిజంగానే గొంతు లేదా?"

"లేదు."

పురుషోత్తం లేచి బయల్దేరాడు. గిటారు మాత్రం మెడలో వేసుకునే వచ్చాడు. అది లేకపోతే నిలబడి పాడలేనన్నాడు.

రేపల్లె స్టేషనులో దిగగానే బసవేశ్వరరావు చేసిన తప్పు ఒక్కటే. మైకు సెట్టు అంద్రెయను పక్కకు పిలిచి, "తెర వెనక ఇంకో మైకు కావాలి. టెలివిజన్‌లో పాడిన కుర్రాడొచ్చాడు. ఎవరికీ చెప్పకు" అన్నాడు.

అంద్రెయ నిజాయితీగా ఎవరికీ చెప్పలేదు, ఒక్క బామ్మర్దికి తప్ప. భోజనాల వేళకు టెలివిజన్ కుర్రాడు టెలివిజన్ వాళ్లయ్యాడు. ఎండ వాలేసరికి వాళ్లు కెమెరాతో సహా వచ్చి ఎక్కడో బస చేశారు. పొద్దుగూకే వేళకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి ట్రాక్టర్ల మీద జనం దిగారు. మగవాళ్లు ఇస్త్రీ పంచెలు కట్టారు. ఆడవాళ్లు పెట్టెల అడుగు నుంచి పట్టుచీరలు తీశారు.

వెంకట్రామయ్య చెమటలు కక్కుతూ వచ్చాడు. "బసవేశ్వరరావుగారూ, కెమెరా ఎటువైపు పెడతారండి? నన్ను ఎటు కూర్చోమంటారు?"

"మీరు ఎటు కూర్చున్నా బాగుంటారండి" అన్నాడు బసవేశ్వరరావు. అబద్ధం ఆడలేదు. ఎవరో ఆడిన అబద్ధాన్ని కాదనలేదు, అంతే. కాదంటే వచ్చిన జనం వచ్చిన ట్రాక్టర్లే ఎక్కుతారు.

అంతలో గోపాలకృష్ణ ముఖానికి నీలం రంగు పూసుకుంటూ పూసుకుంటూ ఆగాడు. "టెలివిజన్‌లో నేను రెండో కృష్ణుణ్ణా? దేశమంతా చూస్తుంటే రెండోవాణ్ణా? మా అమృతలూరులో తలెత్తుకు తిరగనక్కర్లేదా?"

"టెలివిజన్ లేదయ్యా బాబూ!"

"ఆ, నాకొక్కడికే లేదు!"

అద్దం బోర్లించి, నీలం ముఖంతోనే బస్సెక్కి వెళ్లిపోయాడు. ఇప్పుడు బసవేశ్వరరావు దగ్గర మిగిలింది గొంతు లేని కృష్ణుడొకడు, ఆకారం లేని గొంతొకటి. రెండూ కలిపినా ఒక్క కృష్ణుడే. మాట ఇచ్చింది ఇద్దరిని తెస్తానని.

కౌరవసభ సీనుకు తెర లేచింది. ముందు వరసల్లోని జనం వేదిక వంక చూడడం లేదు. అంద్రెయ కొయ్యకు కట్టిన పెద్ద లైటే కెమెరా అనుకుని, ముఖాలు దానివైపు తిప్పి బిగదీసుకుని కూర్చున్నారు. నరసింహమూర్తి కిరీటంతో వచ్చి నిలబడి చెయ్యెత్తాడు. పక్క తెర వెనక నుంచి పురుషోత్తం పద్యం అందుకున్నాడు.

బసవేశ్వరరావు లెక్కలో లేనిది అక్కడ జరిగింది. కుర్రవాడు మామయ్య పద్యాన్ని మామయ్య లాగే ఎత్తుకున్నాడు కాని, రాగం చివర ఎక్కడికో తీసుకుపోయి, గాలిలో నిలబెట్టి, మెల్లగా దించాడు. ముఖాలు ఒక్కటొక్కటే లైటు నుంచి వేదిక వైపు తిరిగాయి. అచ్చమ్మ అనే ఆమె చెంగు నోట్లో కుక్కుకుంది. ఆమె ఇంట్లో ఉప్పెన మిగిల్చింది ఆమె ఒక్కదాన్నే.  పద్యం ముగియగానే పందిరి అదిరిపోయేలా కేకలు లేచాయి.

"వన్స్‌మోర్! వన్స్‌మోర్!"

ఆర్కెస్ట్రాలో వన్స్‌మోర్ అంటే పాడినవాడు వెంటనే ముందుకు రావాలి. రాకపోతే కుర్చీలు గాలిలోకి లేస్తాయి. పురుషోత్తానికి ఆ భయం ఒంట్లో పాతుకుపోయింది. బుద్ధి ఆగమనేలోపు కాళ్లు కదిలాయి. బెల్‌బాటం ప్యాంటుతో, మెడలో గిటారుతో, మైకు తీగ ఈడ్చుకుంటూ కౌరవసభ మధ్యకు వచ్చి జనానికి దణ్ణం పెట్టాడు. నరసింహమూర్తి నోరు ఇంకా తెరిచే ఉంది.

పందిరి మూగబోయింది. తన పేరు కృష్ణా కాలవలో కొట్టుకుపోతున్నట్టు బసవేశ్వరరావుకు కళ్లకు కట్టింది. ముందు వరసలో కూర్చున్న ముసలి రంగమ్మ కర్ర ఊతంగా లేచింది.

"ఆ కృష్ణుడికి గొంతు లేదు, ఈ కృష్ణుడికి కిరీటం లేదు! చూస్తారేంటర్రా? అది తీసి ఈడికి పెట్టండి!"

ఎవరూ నవ్వలేదు. నరసింహమూర్తి రెండు చేతులూ ఎత్తి కిరీటం తీశాడు. మేనల్లుడి దగ్గరకు నడిచాడు. వాడు తల వంచాడు. కిరీటం పెట్టి, జారకుండా జుట్టు కిందికి సర్దుతూ ఆయన వాడి చెవిలో అన్న గుసగుసను కుర్రవాడి చేతిలో మైకు పందిరంతా మోసింది.

"కత్తిరించమని ఇన్నేళ్లు తిట్టానురా. విగ్గు ఖర్చు తప్పింది. పాడు."

అప్పుడు నవ్వారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. గిటారును నరసింహమూర్తే వాడి మెడలోంచి తీసి, ఎటు పట్టుకోవాలో తెలియక పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని, పక్కనున్న సింహాసనంలో తెల్లవార్లూ కూర్చున్నాడు.

పొద్దున్నే వెంకట్రామయ్య వస్తుంటే బసవేశ్వరరావు క్షమాపణకు మాటలు కూడబెట్టుకున్నాడు. ఆయన వచ్చీ రాగానే రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఇద్దరు కృష్ణుల్ని చాలా చూశామండి. మొదటివాడు రెండోవాడికి అందరి ముందూ కిరీటం పెట్టడం ఎక్కడా చూళ్లేదు. ఎవరు రాశారండి ఆ సీను? మా వియ్యంకుల ఊళ్లో కూడా వెయ్యాలి. ఆ సీను మాత్రం తగ్గకూడదు!"

బసవేశ్వరరావు కూడబెట్టిన మాటలు మింగేశాడు. ఆ ఏడు పురుషోత్తం ఆర్కెస్ట్రా మానేశాడు. డెల్టా అంతా వాణ్ణి కృష్ణుడి వేషానికి పిలిచింది, పిలిచిన ప్రతి కమిటీ మామయ్యను కూడా తెమ్మంది. నరసింహమూర్తి ఆ తరువాత ఎన్నో ఏళ్లు, ఒక్క పద్యమూ పాడకుండా, మొదటి కృష్ణుడిగానే కొనసాగాడు.