పది దాకా లెక్కపెట్టాలి

ఆ బుధవారం పొద్దున ఓరిన్ టెస్కే పెట్టుకున్న పనులు మూడే. పదింటికి పరీక్ష గట్టెక్కడం, పన్నెండింటికి గది తాళంచెవి చేతికి తీసుకోవడం, సాయంత్రంలోగా ముప్ఫైరెండు తలుపులకు ముప్ఫైరెండు కాగితపు చేపలు అంటించడం. ఒక్కో చేప మీద ఒక్కో కొత్త విద్యార్థి పేరు. చేపలన్నీ కత్తిరించి సిద్ధంగా ఉన్నాయి. నెబ్రాస్కా మొక్కజొన్న చేలలో పుట్టి పెరిగినవాడు, నీళ్ల కంటే పందుల్నే ఎక్కువగా చూసినవాడు కాబట్టి నాలుగైదు చేపలు పందిపిల్లల్లా వచ్చాయి. అయినా తోకలు మాత్రం చేప తోకలే.

హార్లన్ హాల్ అనే ఆ హాస్టల్లో ప్రతి అంతస్తుకూ ఒక పెద్ద ఉంటాడు. వయసులో పెద్ద కాదు, చదువుకునే కుర్రవాడే. తన అంతస్తులో ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరు ఎవరితో తగువు పడినా, ఇంటి మీద బెంగతో ఎవరు దిండు తడుపుకున్నా అతనే చూసుకోవాలి. బదులుగా గది, తిండి హాస్టల్ వాళ్లవి. ఓరిన్‌కు ఆ గది కావాలి. ఎంత కావాలో ఎవరికీ చెప్పలేదు.

పెద్దరికం ఊరికే రాదు. ఆగస్టులో, విద్యార్థులు దిగకముందే, రెండు వారాల శిక్షణ ఉంటుంది. రకరకాల రంగుల, మతాల, ఇళ్ల పిల్లలతో ఎలా మెలగాలో నేర్పుతారు. నేర్పి ఊరుకోరు. పాత అంతస్తు పెద్ద ఒకరు ఒక గదిలో కూర్చుని కష్టంలో ఉన్నట్టు నటిస్తారు. కొత్తవాడు తలుపు తట్టి లోపలికి వెళ్లి కాగితంలో రాసిన వరసలో ఓదార్చాలి. పక్కన కూర్చున్నవారు మెట్టుకొక గడి చొప్పున మార్కులు వేస్తారు. రెండుసార్లు తప్పితే ఇక ఇంటికే.

ఓరిన్ సోమవారం ఒకసారి తప్పాడు. ఆ రోజు టామ్‌సిన్ అనే అమ్మాయి, డిసెంబరు పండగ రోజుల్లో ఒంటరిగా మిగిలిన యూదు విద్యార్థినిలా నటించింది. ఓరిన్ మూడు నిమిషాలు చక్కగా ఓదార్చాడు. నాలుగో నిమిషంలో గుండె కరిగింది. క్రిస్మస్‌కు మా ఇంటికి వచ్చెయ్, మా అమ్మ వండే పంది తొడ నలభైమందికి సరిపోతుంది, నీకు పెద్ద ముక్క పెట్టిస్తానన్నాడు. యూదులు పంది మాంసం ముట్టరు. టామ్‌సిన్ నటన మానేసి నవ్వు ఆపుకోలేక దుప్పటి నోట్లో కుక్కుకుంది. మార్కుల కాగితంలో సున్నా పక్కన ఎవరో చిన్న పంది బొమ్మ కూడా గీశారు.

ఇక రెండో పరీక్ష. హాస్టల్ అధికారిణి ప్రూయిట్‌కు సవరణల పిచ్చి. సోమవారం చెప్పినది మంగళవారం మారుతుంది, మంగళవారం మార్చినది బుధవారం తిరగబడుతుంది. రోజుకొక రంగు కాగితం. ఆ వారం ఆమె పంచిన కాగితాలు పేర్చి ఎక్కితే పక్క రాష్ట్రాలు రెండు కనబడతాయని పిల్లలు అనేవారు. అది అతిశయోక్తి. ఒకటే కనబడేది. మంగళవారం నీలం కాగితంలో, ఓదార్పు వరసతో పాటు, ఓరిన్ పరీక్ష మూడు వందల పద్నాలుగో గదిలో అని ఉంది. ఆ గది మరమ్మతు తేలకపోవడంతో, బుధవారం పసుపు కాగితంలో దాన్ని రెండు వందల పద్నాలుగుకు మార్చారు.

తెల్లవారుతూనే పసుపు కాగితాలు అందరి తలుపుల కిందినుంచీ లోపలికి తోశారు. ఓరిన్ శిక్షణ రోజులకు ఇచ్చిన తన గది గుమ్మం లోపల పాత గుడ్డపేలికలతో అల్లిన పట్టా ఒకటి పరిచి ఉంచాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న వస్తువు అదొక్కటే. కాగితం నేరుగా దాని కిందికి పోయి పడుకుంది.

పదింటికి ఓరిన్ మూడో అంతస్తు ఎక్కి, కాగితంలో చెప్పినట్టు తలుపు మూడుసార్లు తట్టాడు.

లోపల కిటికీ దగ్గర, పరుపు లేని మంచం మీద, అరవై దాటిన నల్లజాతి మనిషి ఒకాయన కూర్చుని ఉన్నాడు. బూడిదరంగు పని బట్టలు, చొక్కా జేబు మీద కుట్టిన పేరు, పక్కన బకెట్టు, తడిబట్ట కట్టిన కర్ర. ఒళ్లో మైనపు కాగితంలో చుట్టిన రొట్టె, ఇంకా విప్పనిది. ఆయన పేరు వెర్లిన్ స్టోక్స్. ఇరవై ఏడేళ్లుగా ఆ అంతస్తు ఊడుస్తున్నాడు.

ఓరిన్ మూడో అంతస్తులోకి రావడం అదే మొదలు. అంతకు గంట ముందే పాఠం విన్నాడు. మనిషి బట్టలు చూసి, రంగు చూసి, వయసు చూసి అతనెవరో ఊహించకూడదని. కాబట్టి ఊహించలేదు. ఈసారి నటుణ్ణి బాగా వెతికి తెచ్చారు, బకెట్టు కూడా పెట్టారు, మార్కులూ ఈయనే వేస్తాడు కాబోలు అని మాత్రం అనుకున్నాడు.

"నా పేరు ఓరిన్ అండీ. ఈ అంతస్తు పెద్దని. మిమ్మల్ని ఏమని పిలవమంటారు?"

వెర్లిన్ తల తిప్పి చూశాడు. ఇరవై ఏడేళ్లలో ఆయన్ని ఆ హాస్టల్లో ఎన్నో రకాలుగా పిలిచారు. ఏమని పిలవమంటారని అడిగినవాళ్లు లేరు.

"వెర్లిన్ అను చాలు. స్టోక్స్ గారంటే మా నాన్న."

"కూర్చోవచ్చా అండీ?"

"గది నాది కాదుగా బాబూ. కూర్చో."

ఓరిన్ కూర్చున్నాడు. ఎలా ఉన్నారని అడిగాడు. అడిగాక నోరు మూసుకుని మనసులో పది దాకా లెక్కపెట్టాలి, మధ్యలో మాట్లాడకూడదు. ఓరిన్ లెక్కపెట్టాడు. పెదవులు కదిలాయి గానీ వెర్లిన్ కిటికీలోంచి చూస్తున్నాడు గనక గమనించలేదు. ఎనిమిది దగ్గర ఆయన నోరు విప్పాడు.

కిటికీలోంచి భోజనశాల వెనక తలుపు కనబడుతుంది. ఆయన భార్య క్లారిస్ అక్కడ ఇరవై రెండేళ్లు వంట చేసింది. రోజూ పదింటికి ఆ తలుపు తీసుకుని బయటికొచ్చి, చేతిలో తువ్వాలు ఒకసారి ఊపి, లోపలికి వెళ్లేది. ఆయన ఈ కిటికీలోంచి చీపురు ఎత్తి చూపేవాడు. అంతే. మాటలు లేవు. వానలోనూ, మంచులోనూ, ముందు రాత్రి ఇద్దరూ పోట్లాడుకున్నా సరే, పదింటికి తువ్వాలు ఊగాల్సిందే.

"ఇప్పుడూ పదవుతుంది. తలుపు తియ్యరు. నాకు తెలుసు. అయినా వచ్చి కూర్చుంటాను. పిచ్చి కాదూ?"

కాదు అనకూడదు, అవును అనకూడదు, మీ బాధ నాకు అర్థమైంది అని అసలే అనకూడదు. అన్నీ కాగితంలో ఉన్నాయి. ఓరిన్ మళ్లీ పది లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఈసారి నాలుగు దగ్గరే వెర్లిన్ భుజాలు వణికాయి.

"భుజం మీద చెయ్యి వెయ్యవచ్చా అండీ?"

"వెయ్యి."

"ఎడమదా, కుడిదా?"

వెర్లిన్ ఏడుపులోనే నవ్వాడు. "నీకు ఏది దగ్గరైతే అది."

చర్చిలో పాటలు పాడారట, పొరుగువాళ్లు వారం రోజులు కూరలు తెచ్చారట. ఇరవై రెండేళ్లు వండిపెట్టిన చోటు నుంచి మాత్రం ఉత్తరం ముక్క రాలేదట. ఇదంతా వెర్లిన్ చెబుతుంటే ఓరిన్ మెచ్చుకోలుగా విన్నాడు. ఇంత సహజంగా ఏడ్చే మనిషిని అతడు ఎక్కడా చూడలేదు. చూసి చూసి మళ్లీ గుండె కరిగింది. అక్కడే కొంప మునిగింది.

"క్రిస్మస్‌కు ఒక్కరే ఉండకండి. మా ఇంటికి రండి. మా అమ్మ పంది తొడ వండుతుంది, నలభైమందికి..."

నాలుక కరుచుకున్నాడు. వెర్లిన్ కళ్లు తుడుచుకుంటూ నెమ్మదిగా చెప్పాడు. "మా చర్చిలో పంది మాంసం నిషేధం బాబూ. పిలిచావు, అదే పదివేలు."

ఓరిన్ ముఖం సున్నం కొట్టినట్టయింది. "రెండోసారీ అదే. అయిపోయిందండీ. సున్నా వేసెయ్యండి."

"ఏం సున్నా?"

"మార్కులండీ. మీరు మాత్రం చాలా బాగా చేశారు. నిజంగా ఏడ్చారనే అనుకున్నాను."

వెర్లిన్ ఒళ్లోని రొట్టె తీసి పక్కన పెట్టాడు. దాని మైనపు కాగితం మడతలు వేలితో సరిచేశాడు.

"ఆమె ఏప్రిల్ తొమ్మిదిన పోయింది. అది నీ కాగితంలో రాసి ఉండదు," అన్నాడు.

ఓరిన్‌కు అర్థమైంది. లేవబోయి బకెట్టు తన్ని నీళ్లు ఒలకబోశాడు. క్షమించమన్నాడు, మళ్లీ క్షమించమన్నాడు, నీళ్లు తుడవబోయి కర్రతో కిటికీ అద్దానికి కొట్టాడు. వెర్లిన్ కర్ర లాక్కుని కూర్చోబెట్టాడు.

"ఒక మాంసం ముక్క తప్పితే ప్రాణం పోయినట్టు చేస్తావేం? తప్పితే ఏం చేస్తారు?"

"పంపించేస్తారు."

"ఇంటికి పోయి వచ్చే ఏడు రా."

"ఇల్లు లేదండీ. మార్చిలో పొలంతో పాటే అమ్మేశారు. అమ్మ ఒమాహాలో పిన్ని వాళ్ల సోఫా మీద ఉంటోంది. నాన్న పశువుల దొడ్లో పని, అక్కడే పడక."

"మరి పంది తొడ వండేదెక్కడ?"

"ఎక్కడా లేదు. అలవాటుగా అనేస్తున్నాను."

ఆ మాట అన్నాక ఓరిన్ ఏడ్చేశాడు. మార్చి నుంచి ఆగస్టు దాకా ఆపుకున్నదంతా ఒక్కసారి వచ్చింది. వెర్లిన్ కాసేపు చూశాడు. కిందపడిన నీలం కాగితం తీసుకుని, జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. ఇరవై ఏడు ఆగస్టులు ఈ శిక్షణల పక్కనే నేల తుడిచినవాడు. కాగితం లేకపోయినా వచ్చు.

"నా పేరు వెర్లిన్. నిన్ను ఏమని పిలవమంటావు?"

"మీకు తెలుసు కదండీ."

"తెలిసినా అడగాలి. మొదటి గడి."

ఈలోగా కింద రెండు వందల పద్నాలుగులో ఇంకో కథ నడిచింది. ఈసారి నవ్వు రాకూడదని టామ్‌సిన్ కళ్లకు ఉల్లిపాయ రుద్దుకుని కూర్చుంది. ఓరిన్ ఎంతకీ రాడు, ఉల్లిపాయ ఘాటు పోతుంది, మళ్లీ రుద్దుతుంది. ముప్పావు గంటకు ఆమె కళ్లు రెండూ బ్రెడ్డులా పొంగి మూసుకుపోయాయి. ప్రూయిట్ ఆమెను చెయ్యి పట్టుకుని నడిపించి కారులో వైద్యశాలకు తీసుకుపోయింది. ఆ హాస్టల్లో ప్రతి ముఖం గుర్తుపట్టగలిగిన మనిషి ప్రూయిట్ ఒక్కతే. మిగిలినది డాక్టర్ కోయిల్. మనుషులను వాళ్ల పైరూపం చూసి ఊహించకూడదని బోధించడానికి ఆ రెండు రోజులకే నగరం నుంచి వచ్చినావిడ. రావలసిన మనిషి పాత గదికి వెళ్లి ఉంటాడని తెలివిగానే అనుకుని, మార్కుల కాగితం పట్టుకుని పైకి వచ్చింది.

తలుపు తీస్తే కనబడినది ఇది. పని బట్టల్లో ఉన్న ముసలాయన ఒక చేతిలో నీలం కాగితం, ఇంకో చెయ్యి అడిగి వేసినట్టుగా కుర్రవాడి భుజం మీద. కుర్రవాడు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ముసలాయన పెదవులు కదుపుతూ ఏడు, ఎనిమిది, తొమ్మిది అంటున్నాడు.

ఇంకెవరైనా అయితే ఊడ్చే మనిషి అనుకునేవారు. ఆవిడ అనుకోలేదు. అరవై దాటినవాళ్లు కూడా చదువుకుంటారు. ఊహించకూడదు. ఏడుస్తున్న కుర్రవాణ్ణి టామ్‌సిన్‌కు బదులు వచ్చిన నటుడనుకుని, గోడకు ఆనుకుని నిలబడి గడులన్నీ నింపింది. ఆఖరుకి వెర్లిన్ వైపు తిరిగింది.

"ఇరవై ఏళ్ల అనుభవంలో ఇంత బాగా విన్నవాళ్లను చూడలేదు. మీ పేరు?"

వెర్లిన్ కుర్రవాడి వైపు చూశాడు. గుమ్మం వైపు, తడి నేల వైపు చూశాడు.

"ఓరిన్ టెస్కే," అన్నాడు.

డాక్టర్ కోయిల్ ఆయన జేబు మీద కుట్టిన పేరు చూసింది. మనిషి తనను ఏ పేరుతో పిలవాలనేది ఆ మనిషి ఇష్టం అని ఆ పొద్దున చెప్పింది ఆవిడే. రాసుకుంది.

"మరి నటించిన అబ్బాయి?"

ఓరిన్ నోరు తెరిచాడు. వెర్లిన్ అతని భుజం కొంచెం గట్టిగా నొక్కాడు. "వెర్లిన్ స్టోక్స్ అంటారండీ."

మధ్యాహ్నం ప్రూయిట్ తిరిగొచ్చేసరికి డాక్టర్ కోయిల్ విమానానికి వెళ్లిపోయింది. బల్ల మీద కాగితం ఉంది. ఓరిన్ టెస్కే, పన్నెండు గడుల్లో పన్నెండూ. ప్రూయిట్ రెండుసార్లు చదివి తాళంచెవి ఇచ్చింది. నటుడి పేరు దగ్గర ఆగి వెర్లిన్‌ను పిలిపించింది. మనిషి తక్కువైతే కూర్చున్నానండీ అన్నాడాయన. ఆ మాటలో అబద్ధం పాలు చాలా తక్కువ.

సెప్టెంబరులో ఒకరోజు పదింటికి భోజనశాల వెనక తలుపు తెరుచుకుంది. ఓరిన్ బయటికొచ్చి తువ్వాలు ఊపాడు. వెర్లిన్ చీపురు ఎత్తలేదు. మెట్లన్నీ దిగి, గడ్డి దాటి అక్కడికి వెళ్లాడు.

"ఆ పని చెయ్యకు నాయనా. అది ఆమెది."

ఓరిన్ తువ్వాలు మడిచి లోపల పెట్టి వచ్చాడు. మర్నాటి నుంచి పదింటికి అతను మూడు వందల పద్నాలుగులోనే కూర్చునేవాడు. రొట్టె రెండు ముక్కలు అయ్యేది. ఇద్దరూ మూసిన తలుపు వైపు చూస్తూ తినేవారు. క్రిస్మస్‌కు హాస్టల్ మూసేస్తే ఓరిన్ వెర్లిన్ ఇంటికి వెళ్లాడు. ఇద్దరూ క్లారిస్ రాసిపెట్టుకున్న వంట కాగితం చూసి చిక్కుడు గింజలు ఉడకబెట్టుకుంటే అవి మాడాయి. మాడినవే తిన్నారు. పంది తొడ మాట ఎవరూ ఎత్తలేదు.

ఊడ్చే సామాన్ల గదిలో మేకుకు ఒక ఉత్తరం వేలాడుతూ ఉంటుంది. శిక్షణలో పాల్గొన్నందుకు వెర్లిన్ స్టోక్స్‌కు ధన్యవాదాలు, వచ్చే ఏడు కూడా పాల్గొనగలరు, అయితే పరీక్షకురాలి అభిప్రాయం ప్రకారం ఆయన ఏడుపు కాస్త అతిగా ఉన్నందున సహజంగా ఉండేలా చూసుకోగలరు అని అందులో ఉంది. కింద అధికార ముద్ర, ప్రూయిట్ సంతకం.

వెర్లిన్ దుఃఖం గురించి ఆ ఏడాది మొత్తానికి ఆఫీసు రాసిన ఉత్తరం అదొక్కటే.