పౌలురాజు గారి ఇరవయ్యొక్క ప్రశ్నలు

పౌలురాజు ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి కూతురు షెరిన్‌ని వెంటబెట్టుకుని ప్రభుత్వ పాఠశాలకు వెళ్లాలి, భద్రత గురించి రాసుకున్న ఇరవయ్యొక్క ప్రశ్నలు అడగాలి, ఒక్కదానికి జవాబు తేడాగా వచ్చినా ఇంటికొచ్చేయాలి. ఆరో తరగతి ప్రవేశాలకు ఆ మధ్యాహ్నంతో గడువు ముగుస్తుంది. దేశ రాజధానిలో, సాకేత్‌లోని ఒక ఆసుపత్రిలో అతను ల్యాబ్ టెక్నీషియను. చీటీ అంటించని సీసాను, తాను తనిఖీ చేయని బడిని నమ్మే రకం కాదు.

"ఇన్నాళ్లూ ప్రైవేటు బళ్లో ఏం ఉద్ధరించారండీ? పిల్లకి నత్తి అని చదివించడమే మానేశారు. ఇక్కడ అలాంటి పిల్లల కోసం వేరే టీచరమ్మ ఉందంట," అంది భార్య సరళకుమారి. అదే ఆసుపత్రిలో నర్సు, డ్యూటీకి బయల్దేరుతోంది.

"టీచరమ్మ సరేనే, గేటు సంగతేంటి? ఎవడు పడితే ఆడు లోపలికొచ్చేత్తే?"

"పాపా, ముఝే... ముఝే భూ..." అంటోంది షెరిన్ తండ్రితో.

"భయమేత్తందా? నేనున్నానుగా!" అని పౌలురాజు పూర్తి చేశాడు. పాపం, ఆ పిల్ల భూఖ్ అని, ఆకలేస్తోందని చెప్పబోయింది. కూతురు తడబడితే చూడలేక మాట అందించేయడం అతనికి మొదటినుంచీ అలవాటు. ప్రేమ కొద్దీ చేసే పనే.

బయల్దేరే ముందు చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో మనవి పెట్టాడు: "షెరిన్ బడి విషయం. భద్రత కోసం ప్రార్థించండి. పదింటికి వెళ్తున్నాం."

ప్రార్థన మనవిని చదివి ఊరుకోవడం ఆ సంఘంలో లేదు. గ్రూపు చూడని వాళ్లకు ఫోన్లలో ఒకరి తర్వాత ఒకరు అందిస్తారు. ఉత్త చేతులతో అందించరు కూడా, తలా పిడికెడు జాలి కలుపుతారు. "షెరిన్‌కి బళ్లో భద్రత లేదంట," అంది ఎల్సా ఆంటీ. విన్నావిడ ఇంకొకరికి "పిల్ల బళ్లో చిక్కుకుపోయిందంట" అని చెప్పింది. పాస్టరు నథానియేలు గారి చెవిన పడేసరికి, పిల్లతో పాటు తండ్రిని కూడా గదిలో పెట్టి గొళ్లెం వేసేశారు. ఆయన తొందరపడే మనిషి కాదు, నిజమేమిటో కనుక్కుందామని పౌలురాజుకి పదిసార్లు ఫోన్ చేశారు. ఎత్తలేదు. దాంతో అందరికీ నమ్మకం కుదిరింది.

ఎత్తడానికి ఫోను దగ్గరుంటే కదా! గేటు దగ్గర కాపలాదారు దాన్ని తీసుకుని సొరుగులో పెట్టాడు. ఆధార్ కార్డు అడిగాడు, రిజిస్టరులో రాశాడు, కార్డులోని ముఖాన్ని, ఎదురుగా ఉన్న ముఖాన్ని మూడుసార్లు పోల్చి చూశాడు.

"అరే భయ్యా, బాప్ హూఁ మై!" అని, పిల్ల తండ్రిని నేనేనంటూ విసుక్కున్నాడు పౌలురాజు.

"సబ్ యహీ కహతే హైఁ." అందరూ అలాగే అంటారని కాపలాదారు ఉద్దేశం.

లోపల ప్రధానోపాధ్యాయురాలు టీ ఇప్పించింది. పిల్లలకు విడిగా సాయం చేసే గౌరీ మేడమ్ షెరిన్‌ని పక్కగదిలోకి తీసుకెళ్లింది. పౌలురాజు కాగితం విప్పి రెండు ప్రశ్నలు ముగించి, మూడోది మొదలుపెట్టాడు. బయటి జనం గుంపుగా మీదపడితే మీరేం చేస్తారు? ఆవిడ నోరు తెరిచేలోగా గేటు దగ్గర పాట వినిపించింది. అదీ తెలుగు పాట.

మొత్తం పద్నాలుగు మంది. ముందు పాస్టరుగారు, ఆయన వెనక బీపీ మిషన్ పట్టుకుని నర్సులు ఇద్దరు, గొడుగు ఎత్తిపట్టి ఎల్సా ఆంటీ. సరళకుమారి యూనిఫామ్‌లోనే ఆటో దిగి, గేటు కమ్మీలు పట్టుకుని "మేరీ బచ్చీ కో ఛోడో!" అని కేకలు పెడుతోంది. నా బిడ్డను వదలండి అనేసరికి కాపలాదారు ఇక ఆలోచించలేదు. గంట మోగించి గేటుకు తాళం వేశాడు. ఆటస్థలంలో పిల్లలు బారులు కట్టి తరగతుల్లోకి వెళ్లిపోయారు. తలుపులన్నీ లోపలినుంచి గడియ పడ్డాయి. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఇంకో రోజైతే పౌలురాజు మెచ్చుకునేవాడే.

ఆ రోజు మాత్రం పక్కగదికి పరుగెత్తి తలుపు బాదాడు. "షెరిన్! దర్వాజా ఖోలియే మేడమ్, బాప్ హూఁ మై!"

గంట మోగాక ఎవరికీ తలుపు తెరవననీ, పిల్ల స్వయంగా గుర్తుపట్టి చెబితేనే తెరుస్తాననీ గౌరీ మేడమ్ లోపలినుంచే చెప్పింది. తలుపుకున్న అద్దంలో షెరిన్ ముఖం కనిపించింది.

"యే... యే మే... మే..."

"మేరే పాపా హైఁ!" అని, మా నాన్నే అన్న మాట అందించేశాడు పౌలురాజు.

"ఆప్ నహీఁ. వో బోలేగీ," అంది గౌరీ మేడమ్. మీరు కాదు, ఆమె చెబుతుంది.

అంతే, ఇక ఆవిడ ఊరుకుంది. తొందరపెట్టలేదు, తల ఊపి సాయం చేయలేదు. బయట పాట రెండో చరణంలో పడింది. పౌలురాజు పెదవులు బిగబట్టుకుని నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగి అంత కష్టమైన పని చేయలేదు.

"యే మేరే పాపా హైఁ," అంది షెరిన్. ఊపిరి పీల్చుకుని, ఎవరూ అడగకుండానే, "ఔర్ బాహర్ జో చి... చిల్లా రహీ హైఁ, వో మమ్మీ హైఁ," అని బయట అరుస్తున్న తల్లి ఆచూకీ కూడా చెప్పింది.

తలుపు తెరుచుకుంది. పౌలురాజు కళ్లు తుడుచుకున్నాడు. కొత్త మనిషి ముందు కూతురు రెండు మాటలు సొంతంగా ముగించడం అతను వినడం అదే మొదలు. పదకొండేళ్లుగా ఆమెకు అడ్డుపడింది ఎవరో కూడా తెలిసొచ్చి, సిగ్గేసింది.

అసలు సంగతి తేలాక కాపలాదారు పద్నాలుగు ఆధార్ కార్డులు చూసి, పద్నాలుగు పేర్లు రాసి, పద్నాలుగు ఫోన్లు సొరుగులో పెట్టాకే లోపలికి వదిలాడు. మిగిలిన ప్రశ్నలు అడగమంది ప్రధానోపాధ్యాయురాలు. పౌలురాజు కాగితం మడిచి జేబులో పెట్టుకుని దరఖాస్తు అడిగాడు.

అన్నీ నింపాక చివర ఒక గడి మిగిలింది. బడి నుంచి పిల్లను తీసుకెళ్లడానికి అనుమతి ఎవరికి? ఇద్దరికే చోటుంది. ఎల్సా ఆంటీ గొంతు సవరించుకుంది, పాస్టరుగారు ఒక అడుగు ముందుకేశారు. ప్రధానోపాధ్యాయురాలు మాత్రం పెన్ను పట్టుకుని షెరిన్‌నే అడిగింది.

"మమ్మీ," అంది షెరిన్ వెంటనే.

రెండో పేరు దగ్గర ఆగింది. నత్తి వల్ల కాదు, నిజంగానే ఆలోచిస్తోంది. పౌలురాజు ఈసారి మాట అందించకుండా, చేతులు కట్టుకుని ఫలితం కోసం నిలబడ్డాడు.