ఎక్స్‌రే గదిలో స్టీల్ గిటార్

ఆ ఉదయానికి పళ్ళ డాక్టరుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పెందలాడే క్లినిక్ చేరుకోవాలి. రోగులు వచ్చేలోపు ఎక్స్‌రే గదిలో తలుపేసుకుని కాసేపు గిటార్ సాధన చేయాలి. పది గంటలకు స్కూలు హెడ్‌మిస్ట్రెస్ వచ్చేసరికి తెల్లకోటు తొడుక్కుని పెద్దమనిషిలా కూర్చోవాలి. ఇందులో భార్యకు చెప్పింది చివరి ముక్క ఒక్కటే.

హెడ్‌మిస్ట్రెస్ రావడమంటే మాటలు కాదు. ఎదురుగా అద్దాల తలుపులతో కొత్త దంతవైద్యశాల వెలిసినప్పటి నుంచి డాక్టరుగారు ఈగలు తోలుకుంటున్నారు. స్కూలు పిల్లలందరి పళ్ళూ చూసే పని దొరికితే క్లినిక్ నిలబడుతుంది. లేదంటే బోర్డు దించేసి, ఆ అద్దాల తలుపుల వెనకే ఉద్యోగానికి కుదురుకోవాలి.

"ఈ ఒక్క పూటా ఆ గిటార్ జోలికి పోకండి, మీకు దండం పెడతాను," అంది భార్య, క్లినిక్ హాల్లోకి కొత్త కుర్చీలు తేవడానికి బయల్దేరుతూ.

"నాకామాత్రం తెలీదా?" అన్నారు డాక్టరుగారు. తెలుసు. తెలియడం వేరు, ఆగడం వేరు.

ఆవిడ కాపురం చేసిన మనిషి కాబట్టి ఆ మాట నమ్మలేదు. వెళ్తూ వెళ్తూ క్లినిక్ దగ్గర ఆగి కాంపౌండరుకు కూడా చెప్పింది. "ఎవరడిగినా సరే, గిటార్ అన్న మాట నీ నోట రాకూడదు." కాంపౌండరు తలూపాడు. అతనికి అబద్ధం ఆడటం చేతకాదు, ఇచ్చిన మాట తప్పడం అసలే చేతకాదు. కొంప ముంచడానికి ఈ రెండు సుగుణాలూ చాలు.

ఆ వాద్యం పేరు పెడల్ స్టీల్ గిటార్. ఒళ్ళో పెట్టుకునేది కాదు, బల్లలా కాళ్ళ మీద నిలబడి ఉంటుంది. కుడిచేతి వేళ్ళకు ఇనప గోళ్ళు తొడుక్కుని తీగలు మీటాలి. ఎడమచేత్తో ఉక్కు కడ్డీని వాటి మీద జరపాలి. కింద పెడళ్ళను పాదంతో తొక్కుతూ, పక్కన వేలాడే మీటలను మోకాళ్ళతో తొయ్యాలి. "ఇన్నేళ్ళుగా డ్రిల్లు మిషన్ పెడల్ తొక్కుతున్నాను, నాకిదో లెక్కా?" అని ఆయన దాన్ని కొన్నారు. బాగా వచ్చినవాళ్ళు వాయిస్తే రాయి కూడా కరుగుతుంది. కొత్తవాళ్ళు వాయిస్తే స్వరం ఉండాల్సిన చోట ఉండక అటూ ఇటూ జారి మూలుగుతుంది. మొదటిరోజు ఇంట్లో మీటగానే భార్య వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చి, "ఎక్కడండీ నొప్పి?" అంది. డాక్టరుగారి మనసు చివుక్కుమంది. తీగలు మంచివి కావన్నారు. "ఆడలేక మద్దెల ఓడని!" అంది ఆవిడ. మర్నాడే వాద్యం ఎక్స్‌రే గదికి మకాం మార్చింది.

ఆ ఉదయం ఆయన దానికి కొత్త స్పీకరు తగిలించారు. ఆ గదికీ రోగులు కూర్చునే హాలుకూ మధ్య ఉన్నది ఉత్త ప్లైవుడ్ చెక్క. కట్టించిన డాక్టరుగారికే ఆ సంగతి గుర్తులేదు.

ఇంతలో దవడ వాచిన కానిస్టేబులొకడు వేళకు ముందే వచ్చి తలుపు బాదాడు. కాంపౌండరు జాలిపడి తీశాడు. కానిస్టేబులు వెనకే ఒక టైలరూ, మోకాళ్ళ నొప్పులతో కర్ర పట్టుకుని పక్కవీధి బామ్మగారూ వచ్చి కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే లోపలి నుంచి సన్నగా మొదలైన మూలుగు పెరిగి పెరిగి పెద్ద ఆర్తనాదమైంది.

"లోపల ఏం జరుగుతోందయ్యా?" అన్నాడు కానిస్టేబులు దవడ పట్టుకుని.

"డాక్టరుగారు సాధన చేస్తున్నారు సార్. ఈ మధ్యే మొదలెట్టారు, ఇంకా చెయ్యి కుదర్లేదు."

"చెయ్యి కుదర్లేదా?"

"తేలికేం కాదు సార్! కుడిచేతికి ఇనప గోళ్ళు, ఎడమచేతిలో ఉక్కు కడ్డీ. కాలితో అదిమిపెట్టి, అదే టైముకి మోకాలితో గట్టిగా తొయ్యాలి. ఒక్కటి తప్పినా అరుపు మారిపోతుంది."

"మోకాలెందుకు నాయనా, పంటికి?" అన్నారు బామ్మగారు తన మోకాళ్ళు తడుముకుంటూ.

"మోకాలిలోనే ఉందటండీ కిటుకంతా."

లోపల ఇంకో కేక పైకి లేచి, వణికి, ఠక్కున ఆగిపోయింది. "అయిపోయాడు పాపం," అన్నాడు టైలరు.

తలుపు తెరుచుకుంది. చెమటలు కక్కుతూ, వేళ్ళకు ఇనప గోళ్ళతో, చేతిలో ఉక్కు కడ్డీతో డాక్టరుగారు గుమ్మంలో నిలబడి ఆనందంగా నవ్వారు. ఆ కేక ఆయనకు మొదటిసారి శ్రుతిలో పడింది మరి. "ఎవరు ముందు?" అన్నారు.

ముందు బామ్మగారే. కర్ర వదిలేసి అందరికంటే ముందు వీధిలో పడ్డారు. వెనక టైలరు, ఆ వెనక కానిస్టేబులు. పోలీసే పరుగెత్తుతుంటే మనమెంతని రెండు షాపులవాళ్ళు షట్టర్లు దించేశారు. ఎదురుగా కుర్చీల బండితో భార్య వస్తోంది. దారిలో కలిసిన హెడ్‌మిస్ట్రెస్ కూడా ఆమె పక్కనే ఉంది.

"వెళ్ళకండి మేడమ్! లోపల ఒకటే కేకలు, మోకాలేసి పీకుతున్నాడు!" అని అరిచాడు కానిస్టేబులు.

హెడ్‌మిస్ట్రెస్ బెదిరే మనిషి కాదు. నేరుగా లోపలికి వచ్చి ఆ గోళ్ళనూ కడ్డీనీ తేరిపార చూసి, "పిల్లల్ని ఈయన చేతుల్లో పెట్టమంటారా?" అని భార్యను అడిగింది. భార్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. డాక్టరుగారికి జీవితంలో అంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు.

"తప్పంతా నాదే మేడమ్. నేను పొద్దుటినుంచి హింసించింది మనిషిని కాదు, దీన్ని," అని ఎక్స్‌రే గది చూపించారు.

ఆవిడ నమ్మలేదు. ఆ కేకలు దీనివేనని రుజువు చేయమంది. ఆయన కూర్చుని వాయించారు. మనసుపెట్టి వాయించారు.

"ఆపండి!" అంది హెడ్‌మిస్ట్రెస్, చెంప పట్టుకుని. "మీకు పుణ్యముంటుంది, ఆపండి. కావాలంటే నా పన్ను బాగుచెయ్యండి. మిషన్ శబ్దానికి భయపడి ఏళ్ళ తరబడి వాయిదా వేస్తున్నాను. దీనికంటే అదే నయం."

ఆవిడ కుర్చీలో కూర్చుంది. మిషన్ తిరిగింది. బిగుసుకున్న ఆవిడ చేతులు మెల్లగా వదులయ్యాయి. డాక్టరుగారి చేయి ఎప్పటిలాగే హాయిగా, తడబడకుండా పని పూర్తిచేసింది. "అబ్బ, ఎంత కమ్మగా ఉందండీ ఈ మిషను!" అంది ఆవిడ నోరు పుక్కిలించాక. కిటికీలోంచి తొంగిచూస్తున్న కానిస్టేబులు సిగ్గుపడుతూ లోపలికొచ్చి, తనకూ ముందు ఆ గిటార్ వాయించమన్నాడు.

"పిల్లలందర్నీ ఇక్కడికే పంపిస్తాను. కానీ మిషన్ ముట్టుకునే ముందు ప్రతి జట్టుకీ ఆ గిటార్ వినిపించాలి," అంది హెడ్‌మిస్ట్రెస్.

తన వాద్యాన్ని ఇలా జనం కోరి అడగడం డాక్టరుగారికి అదే మొదలు. ఆయన గుండె పొంగిపోయింది. "వాళ్ళకోసం ఇంకా బాగా నేర్చుకుంటాను మేడమ్!"

"వద్దు!" అన్నారు ఆడవాళ్ళిద్దరూ ఒక్కసారే. "అది మీకు బాగా వచ్చిందంటే వాళ్ళకి మళ్ళీ డ్రిల్లంటే భయం పట్టుకుంటుంది. ఇప్పుడెలా ఉందో అలాగే ఉండాలి," అంది భార్య కళ్ళు తుడుచుకుని.

ఇప్పుడు క్లినిక్‌లో కొత్త కుర్చీలు కూడా చాలడం లేదు. డాక్టరుగారు రోజూ తలుపులు బార్లా తెరిచి శ్రద్ధగా సాధన చేస్తున్నారు. ఇప్పుడెలా ఉందో అలాగే ఉండాలన్న భార్య షరతు మాత్రం ఇంతవరకు తప్పలేదు.