కృపాదానం రీలు కడిగిన వైనం

ఆ శనివారం పొద్దున కృపాదానం పెట్టుకున్న పని ఒక్కటే, కెమెరా రీలు కడగడం. టిఫినుకు ముందే మొదలుపెట్టి, ఎండ ముదిరేలోగా ఫిల్మును దండెం మీద ఆరేయాలనుకున్నాడు. నరసరావుపేటలో రీళ్లు కడిగేవాళ్లు లేకుండా పోయి చాలా ఏళ్లయింది. గుంటూరులో ల్యాబు మూసేస్తుంటే అక్కడి రీలు కడిగే యంత్రాన్ని అతనే తెచ్చి అటక మీద పెట్టుకున్నాడు. ఒక వేడినీళ్ల తొట్టి, ఒక మోటారు, ఆ నీళ్లలో అడ్డంగా పడుకుని గిరగిరా తిరిగే మూతడబ్బా, అంతే. చీకట్లో రీలును డబ్బాలోకి ఎక్కించి, మందు పోసి, స్విచ్ వేస్తే తనంతట తనే తిరుగుతుంది. తిప్పడానికి మనిషి అక్కర్లేదు. సమయానికి ఆ మందు పారబోసి ఇంకో మందు పోయడానికి మాత్రం మనిషి కావాలి.

ఆ యంత్రం ఇంటికొచ్చిన రోజున పిండిమర తెచ్చాడనుకుని సంబరపడిన హన్నమ్మ, అంటే కృపాదానం భార్య, పోయి రేపటికి ఏడాది. ఆదివారం సాయంత్రం చర్చిలో జ్ఞాపకార్థ కూడిక. దానికి ఫ్లెక్సీ వేయించే బాధ్యత హన్నమ్మ తమ్ముడు దేవానందం నెత్తిన వేసుకున్నాడు. ఫ్లెక్సీకి ఫోటో కావాలి. స్టూడియో నడిపినన్నాళ్లూ వినుకొండ నుంచి మాచర్ల దాకా పెళ్లికూతుళ్ల గడ్డాలు పట్టుకుని వెలుగువైపు తిప్పిన కృపాదానం దగ్గర సొంత భార్య ఫోటో లేదు. పెళ్లి ఆల్బం చెదల పాలైంది. ఆ తర్వాత, ఇంట్లో మనిషేగా, ఎప్పుడైనా తీయొచ్చులే అనుకున్నాడు. ఆ ఎప్పుడైనా రాలేదు.

"ఆధార్ కార్డులో ఉందిగా బావా, అదే వేయిద్దాం," అన్నాడు దేవానందం.

"అందులో మీ అక్క దొంగతనంలో దొరికిన మనిషిలాగా ఉందిరా. అది ఏస్తే నేను కూడికకే రాను."

అన్నాడే కానీ, వేరే దారి లేదని అతనికీ తెలుసు. మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. ఆ తర్వాత బీరువా అడుగున పాత కెమెరా దొరికింది. లోపల కడగని రీలు. దాన్ని చూడగానే అంతా గుర్తొచ్చింది. మాచర్లలో ఒక పెళ్లి పని ముగించుకుని వస్తూ, వెంట వచ్చిన హన్నమ్మ అడిగిందని ఎత్తిపోతల జలపాతం దగ్గర ఆగారు. రీలు కాస్త మిగిలింది, వృథా ఎందుకని ఆమెను నిలబెట్టి నాలుగు తీశాడు. భార్యను మొత్తం జీవితంలో ఒక్కసారి తీసింది, అదీ వృథా ఎందుకని తీసింది. ఆ మాట తలుచుకుంటే అతనికి ఒళ్లంతా సిగ్గుతో మండింది.

మందులు హైదరాబాదు నుంచి కొరియర్‌లో తెప్పించాడు. శనివారం పొద్దున అటక మీది యంత్రాన్ని దించి, బాత్‌రూమ్ కిటికీకి నల్లగుడ్డ కడుతుంటే పక్కింటి ధనలక్ష్మి ఇడ్లీ గిన్నెతో వచ్చింది.

"ఇయ్యాల వద్దమ్మా. మందు కలిపి పెట్టుకున్నా. ముందు ఆ పని కానీ," అన్నాడు.

"ఏం మందన్నయ్యా?"

"ఇక్కడ దొరకదులే. అరగంట ఓపిక పట్టానంటే హన్నమ్మని చూస్తా."

ఆ మాట నవ్వుతూ అన్నాడు. ఏడాదిగా నవ్వని మనిషి నవ్వేసరికి ధనలక్ష్మి వెన్నులో చలి పుట్టింది. ఫోటోలవాళ్లకు మందంటే ఫిల్ము కడిగే రసాయనం. ఊళ్లో చాలామందికి మందంటే సాయంత్రం సీసా. ధనలక్ష్మి భర్త బసవయ్యకు మాత్రం పురుగుమందుల కొట్టుంది. మిరప దెబ్బతిన్న ఏడాది, పత్తి దెబ్బతిన్న ఏడాది, తమ కొట్లో కొన్న మందు పొలానికే పోతుందన్న నమ్మకం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. ఆమె గిన్నె అక్కడే వదిలేసి పరుగెత్తింది.

బసవయ్య వచ్చేసరికి బాత్‌రూమ్ తలుపు గడియ పడి ఉంది. లోపల ఏదో గుర్రుమంటోంది.

"బావా, ఏం చేస్తన్నావు?"

"మందు పోశా. మాట్లాడించమాక, లెక్క తప్పుద్ది."

"తలుపు తియ్యి బావా. నీకేం కష్టమొచ్చిందో నాకు చెప్పు."

"మూడు నిమిషాలు ఆగు బసవయ్యా. మూడు నిమిషాల్లో అంతా అయిపోద్ది."

అంతా అయిపోతుందని ఎవరైనా అంటే ఆగే మనిషి కాదు బసవయ్య. గునపం తెప్పించాడు. రెండో పోటుకే తలుపు ఊడింది. లోపల చీకటి, ఘాటు వాసన, గోడవారన సీసాలు. వాటి మధ్య ముక్కాలిపీట మీద కృపాదానం చేతిగడియారం చూసుకుంటూ, కళ్లనిండా నీళ్లతో కూర్చున్నాడు. ఆ కన్నీళ్లు ఘాటువల్ల వచ్చినవి కావు. తిరుగుతున్న డబ్బాలో హన్నమ్మ ముఖం మెల్లగా తేలుతున్నట్టు ఊహించుకుంటున్నాడు. బసవయ్యకు అదంతా చెప్పే వ్యవధి లేదు. వీధిలోవాళ్లు నలుగురు వచ్చి కాళ్లూ చేతులూ పట్టుకుని ఎత్తేశారు.

"వదలండయ్యా. మందు పారబొయ్యాల."

"ఆస్పత్రిలో వాళ్లే పారబోస్తారు బావా, అంతా కక్కిస్తారు."

"నేను తాగలా. ఆ మందు నాక్కాదు, రీలుకి."

"ఇన్నావా," అన్నాడు బసవయ్య పక్కవాడితో, "అప్పుడే మాట తేడా వచ్చింది."

ఆస్పత్రిలో డాక్టరు మంచం పక్కన నిలబడి, సాక్ష్యంగా తెచ్చిన సీసాను అటూ ఇటూ తిప్పి చూశాడు. దాని మీద ఇంగ్లీషులో అన్నీ హెచ్చరికలే.

"నేను తాగలేదు సార్. ఒక్కసారి ఇంటికి పంపించండి, మందు పారబోసి మళ్లీ వస్తా," అని కృపాదానం దణ్ణం పెట్టాడు.

"తాగినవాళ్లంతా అదే అంటారు," అని డాక్టరు గొట్టం అందుకున్నాడు.

రీలు కడగబోయిన మనిషి కడుపు కడిగారు. ఒకసారి కడిగితే నీళ్లే వచ్చాయి. నమ్మకం కుదరక రెండోసారి కడిగారు. మళ్లీ నీళ్లే. అయినా రేపటిదాకా కదలనివ్వకూడదని సెలైన్ పెట్టారు. బసవయ్య బయటికొచ్చి ఇంటికి ఫోను చేశాడు.

"కడిగారే. రెండుసార్లు కడిగారు. ఇంకేం లేదు," అన్నాడు. లోపల ఏమీ లేదనే అతని భావం. అతని గొంతు అలసిపోయి ఉంది, ఫోనులో చార్జింగ్ అయిపోయి ఉంది. మాట అక్కడే తెగింది. ఇంకేం లేదన్న మాటకు పల్నాడులో ఉన్న అర్థం ఒక్కటే. ధనలక్ష్మి బావురుమంది. వీధి వీధంతా ఆమెతో బావురుమంది. కబురందుకున్న దేవానందం రెండు చేతులతో తల పట్టుకుని కాసేపు కూర్చున్నాడు, తర్వాత లేచి ఫ్లెక్సీ కొట్టుకు వెళ్లాడు. ఎవరికైనా ఆ పూట చేయగలిగింది అదొక్కటే.

ఆదివారం పొద్దున ఆటోలో ఇంటికొస్తున్న కృపాదానానికి వీధి మొదట్లో తన నిలువెత్తు బొమ్మే ఎదురైంది. కింద, ప్రభువునందు నిద్రించిన మా బావగారికి అశ్రునివాళి అని ఉంది. కొట్టు ముందు నిలబడ్డ ఒకాయన ఆటోలో ఉన్న మనిషిని చూసి, ఫ్లెక్సీని చూసి, లోపలికెళ్లి కూర్చున్నాడు. కృపాదానం దేన్నీ పట్టించుకోలేదు. అతని మనసంతా బాత్‌రూమ్‌లోనే ఉంది.

యంత్రం ఇంకా తిరుగుతోంది. వానచినుకు పడితే చాలు పోయే కరెంటు, నిన్నటి నుంచి ఒక్కసారి కూడా పోలేదు. మూడు నిమిషాలు తిరగాల్సిన రీలు ఆ మందులోనే పగలూ రాత్రీ తిరిగింది. అయినా అతను పద్ధతి తప్పలేదు. మొదటి మందు పారబోశాడు. రెండోది పోశాడు, నీళ్లతో కడిగాడు, మూత తీసి ఫిల్మును వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు. మొదటి నుంచి చివరి దాకా తారురోడ్డులా నల్లగా ఉంది. ఎత్తిపోతలూ లేవు, హన్నమ్మా లేదు. కృపాదానం బాత్‌రూమ్ గడప మీద కూర్చుని, ఏడాది కిందట ఏడవాల్సిన ఏడుపు అప్పుడు ఏడ్చాడు.

బసవయ్య గుమ్మంలోనే నిలబడిపోయాడు. "నీ పానం కన్నా ఎక్కువా బావా, ఆ రీలు?" అన్నాడు.

"నా పానం కాపాడమని నిన్నెవరు అడిగారయ్యా," అన్నాడు కృపాదానం.

దేవానందం పరుగున వచ్చి కాళ్ల మీద పడ్డాడు. ముందా ఫ్లెక్సీ దించమన్నాడు కృపాదానం. దించి వాకిట్లో పరిచారు. చూడకూడదనుకుంటూనే చూశాడు. ఎంతైనా ఫోటోగ్రాఫరు, ముందు తప్పులే కనపడ్డాయి. వెలుగు చాలలేదు, తల పక్కన కత్తిరింపు వంకర. తర్వాత తన చొక్కా కాలరు దగ్గర రెండు వేళ్లు కనపడ్డాయి. సన్నటి వేళ్లు, ఒకదానికి వెలిసిన ఉంగరం.

"ఈ ఫోటో యాడది?" అన్నాడు.

"నా ఫోన్లోదే అన్నయ్యా," అంది ధనలక్ష్మి. "మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి తీశారు. వదిన పక్కనుంటే, సచ్చిపోయినోళ్ల ఫ్లెక్సీలో జంటగా ఎందుకని కట్ చేయించాం."

"అసలుది ఉందా?"

ఉంది. ఎప్పటినుంచో ఉంది. ఫోన్లో తీసేవి ఫోటోలు కావని తిరిగిన ప్రతిచోటా చెప్పిన మనిషిని, నీకు ఫోటో కావాలా అని ఎవరూ అడగలేదు, అతనూ ఎవర్నీ అడగలేదు. ధనలక్ష్మి ఫోను చేతికిచ్చింది. హన్నమ్మ అతని కాలరు సర్దుతూ, అతని ముఖంలోకి చూసి ఒళ్లు మరిచి నవ్వుతోంది. ఆమెను చూడాల్సిన కృపాదానం మాత్రం, ఫోను పట్టుకోవడం రాదు వీళ్లకి అన్నట్టు చిరాగ్గా ఎదురుగా చూస్తున్నాడు.

సాయంత్రం కూడికకు ఆ ఫోటోతోనే కొత్త ఫ్లెక్సీ కట్టారు. ఈసారి కత్తిరించింది కృపాదానాన్ని.