మర్యాదకు మూడు గిన్నెలు

శశికళ భర్త మునీంద్రకు తెలుగు, కన్నడ, ఇంగ్లీషు మూడు భాషలూ వచ్చు. "నాకు తెలీదు" అనే మాట మాత్రం మూడింటిలోనూ రాదు. బెంగళూరు కాటన్‌పేటలో తాళ్ళ దుకాణం నడిపే ఆ మనిషికి విమానం ఇంజను గురించీ తెలుసు, పసిపిల్లల కడుపునొప్పి గురించీ తెలుసు. పాతికేళ్ళ కాపురంలో ఇద్దరూ ఎవరినీ దారి అడిగి ఎక్కడికీ చేరలేదు. చాలాసార్లు అసలు చేరనే లేదు.

ఆ ఆదివారం పొద్దున వేసుకున్న పథకం మామూలుదే. కూతురు చైత్ర, దేవనహళ్ళి రైతు తిమ్మరాయప్ప కొడుకు పునీత్ ఒకరినొకరు ఇష్టపడ్డారు. రెండిళ్ళ పెద్దలనూ ఒప్పించడానికి వాళ్ళకు రెండేళ్ళు పట్టింది. మధ్యాహ్నం ఇందిరానగర్‌లో పిల్లలకు నచ్చిన చిన్న థాయ్ హోటల్లో అందరూ భోంచేయాలి, చేతులు కడుక్కుని తాంబూలాలు మార్చుకోవాలి. అంతే.

"ఆర్డరు నేనొచ్చి ఇస్తా నాన్నా," అంది చైత్ర.

"ఏమ్మా, నాకు తెలీదా?" అన్నాడు మునీంద్ర.

ఒంటిగంటకు పెద్దవాళ్ళు నలుగురూ హోటల్లో కూర్చున్నారు. పిల్లలు విడిగా బయల్దేరి ట్రాఫిక్‌లో చిక్కుకున్నారు, మొదలుపెట్టమని ఫోన్ చేశారు. మునీంద్ర మెనూ కార్డులో అన్నిటికంటే పైనున్న సూపు చెప్పాడు. ఎర్రగా పొగలు కక్కుతూ నాలుగు గిన్నెలు వచ్చాయి. కోడిముక్కల మధ్య వేలెడేసి కాడలూ, చెక్కముక్కల్లాంటి దుంప బిళ్ళలూ, దళసరి ఆకులూ తేలుతున్నాయి.

తిమ్మరాయప్ప ఒక కాడను స్పూనుతో ఎత్తి చూశాడు. "బావా, ఇది తినేదేనా?"

మునీంద్ర క్షణం కూడా ఆలోచించలేదు. "సారమంతా దాంట్లోనే ఉండాది బావా. మునక్కాడ మాదిరి ఉమ్మేసేది కాదు. ఆ దేశంలో నమిలి మింగుతారు."

"ఏమండీ, వడ్డించిన అమ్మాయిని ఒక మాట అడుగుదామా?" అని గొణిగింది శశికళ. బల్ల కింద ఆమె కాలిని ఒక చెప్పు తొక్కింది.

తిమ్మరాయప్ప నమిలాడు. చెప్పిన పాపానికి మునీంద్రా నమిలాడు. తిమ్మరాయప్ప భార్య భాగీరథమ్మ ఒక బిళ్ళ కొరికి, కళ్ళనీళ్ళతో నవ్వింది. శశికళ తన వాటాను కాగితం రుమాల్లో చుట్టి చేతిసంచిలో దాచింది.

అక్కడితో ఆగవలసింది. కానీ కాబోయే వియ్యంకుడి గిన్నె ఖాళీగా ఉంటే చూస్తూ కూర్చోవడం మునీంద్ర ఇంటావంటా లేదు. పిల్లనిచ్చేవాళ్ళు పెట్టింది మెతుకైనా వదలడం తిమ్మరాయప్ప ఇంటావంటా లేదు. అరిటాకైతే మడిచి లేవచ్చు. పింగాణీ గిన్నెను మడవడం ఎలా? రెండో గిన్నె వచ్చింది. మూడోదీ వచ్చింది. ఖాళీ గిన్నెలు తీయడానికి వచ్చిన అమ్మాయి లోపలికి చూసి నిర్ఘాంతపోయింది. వెళ్ళి వంటాయనను పిలుచుకొచ్చింది. ఇద్దరూ వంగి బల్ల కింద కూడా వెతికారు.

"చూస్తివా, మనం తినే తీరుకు వంటాయనే బయటికొచ్చినాడు," అన్నాడు మునీంద్ర.

మూడో గిన్నె మధ్యలో తిమ్మరాయప్పకు పీచు అడ్డం పడింది. ఎక్కిళ్ళు మొదలయ్యాయి. ముఖం సూపు రంగుకు తిరిగింది.

"వేడిగా ఇంకో గిన్నె పడితే సర్దుకుంటుంది," అని మునీంద్ర చెయ్యెత్తాడు.

భాగీరథమ్మ లేచి నిలబడింది. "సాకు అన్నా, ఇంక చాలు. సంబంధం ఇష్టం లేకపోతే నోటితో చెప్పల్ల. మా ఆయన గొంతుతో కాదు."

తాంబూలానికి తెచ్చిన పూలూ పళ్ళూ ఒక్కొక్కటే తిరిగి సంచిలో పెట్టసాగింది. పిల్లలు రెండేళ్ళు పడ్డ పాటు కళ్ళముందే సంచిలోకి పోతోంది.

"వదినా, కూర్చో వదినా, పిల్లలు వచ్చేస్తుండారు," అని శశికళ ఆమె చెయ్యి పట్టుకుంది.

పిల్లలు రానే వచ్చారు. చైత్ర గిన్నెలను చూసింది, తండ్రి దవడలను చూసింది.

"నాన్నా, గడ్డి ఏది?"

"ఏ గడ్డి?"

"సూపులో వేసే నిమ్మగడ్డి. వాసన కోసం వేస్తారు నాన్నా. ఎవరూ తినరు."

తిమ్మరాయప్ప ఎక్కిళ్ళు కూడా ఆగిపోయాయి. అందరూ మునీంద్ర వైపు తిరిగారు. పాతికేళ్ళుగా వినని మాట ఈ పూటైనా వినపడుతుందేమోనని శశికళ చెవులు రిక్కించింది. గొంతు సవరించుకున్నది మాత్రం తిమ్మరాయప్ప.

"బావనేమీ అనొద్దు. అది నిమ్మగడ్డి అని నాకు మొదటి కాడకే తెలుసు."

భాగీరథమ్మ చేతిలో అరటిపళ్ళు గాల్లోనే ఆగాయి. "తెలుసా?"

"మన ద్రాక్షతోట గట్టు పొడుగూతా ఉండేది అదే కదనే. పశువులు కూడా మూతి తిప్పుకుంటాయి. ఆడపిల్ల తండ్రి అంత ఆశగా చెప్తావుంటే కాదనేదెట్ల అని తినేస్తి. నోరు తెరిచి చెప్పాల్సింది. తప్పు నాదేప్పా."

భాగీరథమ్మ కోపమంతా ఇంటాయన మీదికి మళ్ళింది. ఆయనను ఎగాదిగా చూసి, పూలూ పళ్ళూ మళ్ళీ బల్లమీద పెట్టింది. "లగ్నం ఎప్పుడు పెట్టుకుందామన్నా?" అని మునీంద్రను అడిగింది.

మునీంద్ర ఎప్పుడైనా సరేనన్నట్టు తలూపాడు. నోట్లో ఇంకా పీచుంది.