రొయ్య మారితే చాలు!

ఇక మనుషులు మారాల్సిన పనిలేదు. రొయ్యే మారుతుంది! మా నెల్లూరు తీరానికి ఇంతకంటే శుభవార్త ఎప్పుడైనా వచ్చిందా?

రీకాంబినేజ్ అని ఒక ఎంజైము ఉందట. డీఎన్ఏని ఒక చోట కోసి, కొత్త ముక్క పెట్టి, అక్కడికక్కడే అతికించేస్తుందట. ప్రకృతిలో దొరికేది తనకు అలవాటైన చోటికే పోతుంది. శాస్త్రవేత్తలు దాన్ని మలిచి, మనం చెప్పిన చిరునామాకు పోయేలా తయారుచేస్తున్నారు. కోట్ల అక్షరాల మధ్య ఒకే ఒక్క చోటు! మాకు కొరియర్ తెచ్చేవాడు ఇప్పటికీ నా పార్సిల్‌ని ఐస్ షెడ్డులో పడేసి పోతున్నాడు.

ఈ సంగతి చెప్పడానికే డాక్టర్ ప్రత్యూష గారు పోయిన నెల మా ఊరు మైపాడు వచ్చారు. రొయ్యల జబ్బుల మీద పరిశోధన ఆమె పని. అవగాహన సదస్సు అన్నారు. తర్వాత బిర్యానీ కూడా అన్నారు. దాంతో శాస్త్రం మీద మాకందరికీ ఒక్కసారిగా ఆసక్తి పుట్టుకొచ్చింది.

ముందు వరసలో గంగులయ్య కూర్చున్నాడు. ఉప్పుటేటి మీద నా రొయ్యల గుంట ఎగువన, అతని గుంట దిగువన. నలభై ఏళ్లు సముద్రం మీద తిరిగినవాడు. మోకాళ్లు మొరాయించాక పడవ అమ్మి, గుంట కౌలుకు తీసుకున్నాడు. ఈ పంట పోతే అతనికి గుంటా ఉండదు, పడవా ఉండదు. పాపం, బిర్యానీ వాసన వస్తున్నా తల తిప్పకుండా తెర మీద బొమ్మలే చూశాడు.

"వల బాగుచేసినట్టే గదమ్మా," అన్నాడు ఉన్నట్టుండి. "చినిగిన కన్ను కోసేసి, కొత్త దారం పెట్టి ముడేస్తాం. పక్క కన్నుకి దెబ్బ తగలకూడదు."

"అంతే పెద్దాయనా! నేను గంట నుంచీ చెప్తున్నది అదే," అన్నారు ప్రత్యూష గారు.

"తెల్లమచ్చ రాని రొయ్య ఎప్పుడొస్తాదమ్మా?"

తెల్లమచ్చ అంటే వైరస్ జబ్బు. గుంటలోకి వచ్చిందంటే వారం తిరక్కుండా ఊడ్చిపెట్టేస్తుంది.

శాస్త్రవేత్తలతో వచ్చిన చిక్కు ఏమిటంటే, అడిగితే నిజం చెప్పేస్తారు. రొయ్యలో ఏ జన్యువు మార్చాలో ఇంకా వెతుకుతున్నామనీ, పదేళ్లు పట్టవచ్చనీ, అసలు కుదరకపోవచ్చనీ అన్నారామె. "అప్పటిదాకా జబ్బు వచ్చిన గుంట నీళ్లు ఏట్లోకి వదలకండి. బ్లీచింగ్ వేసి వారం ఆపండి. తూముకి ఎర్రగుడ్డ కట్టి పక్కవాళ్లకు చెప్పండి."

సరిగ్గా ఆ మాట దగ్గరే హాలు ఖాళీ అయింది. చెప్పడమా? ఎంత మోటు పద్ధతి! జన్యువులకు చిరునామా రాసే కాలంలో ఎర్రగుడ్డలా?

పాఠకులారా, మా ఏటి వెంట నలభై గుంటలున్నాయి. గర్వంగా చెబుతున్నాను, ఒక్కదానికీ ఎన్నడూ జబ్బు రాలేదు! కాకపోతే అప్పుడప్పుడూ ఎవరో ఒకరు హడావిడిగా వలలు వేసి రొయ్యలు పట్టేస్తారు. అడిగితే, "కౌంట్ వచ్చింది, పట్టేసినాం" అని, అంటే రొయ్య అమ్మే సైజుకి పెరిగిందని, నవ్వుతారు. ఆటు చూసి నీళ్లు ఏట్లోకి వదిలేస్తారు. సముద్రం ఏం తిరిగి అడుగుతుందా? పోటుకి ఆ నీళ్లే వెనక్కి వస్తాయి, పక్క గుంట మోటారు వాటినే తోడుకుంటుంది. ఆ గుంటలో రొయ్యలు చచ్చాయా, జబ్బుని కాకి తెచ్చిందంటారు. మా ఊరి కాకులు మోసినన్ని నిందలు ఏ జైల్లో ఖైదీలూ మోసి ఉండరు.

నిజం చెబితే పరువు ఏం కావాలి? రేపు మేత కొట్టువాడు అప్పిస్తాడా? అందుకే ఎంజైము రావాలి. రొయ్య గట్టిపడితే, మనం ఏట్లోకి ఏ నీళ్లైనా వదిలేయొచ్చు!

గంగులయ్య సదస్సు మర్నాడు పోటు సమయానికి మోటారు వేసి, గుంటలోకి కొత్త నీళ్లు పెట్టాడు. ఎవరూ ఏమీ చెప్పలేదు మరి. వారం తిరిగేసరికి మేత వేసి చూసే పళ్లెంలో మేత మేతలాగే ఉంది. రొయ్యలు నీరసంగా గట్టు వెంట తేలుతున్నాయి. ఒకదాన్ని పట్టి తల మీది చిప్ప తీసి, ఎండకు పెట్టి చూశాడు. మచ్చలు! గట్టు మీదే కూలబడి, అమ్ముకున్న పడవను పేరు పెట్టి పిలుచుకుంటూ ఏడ్చాడట. అతని భార్య కామమ్మ చెప్పింది.

మధ్యాహ్నానికి మా ఇంటికి వచ్చాడు.

"అన్నా, నీకు ఇంగ్లీషు వచ్చు గదా. ఆ డాక్టరమ్మకి ఫోన్ చెయ్. ఆ ఎంజైము ఒక్క డబ్బా అయినా దొరుకుద్దేమో అడుగు."

అది డబ్బాల్లో దొరికేది కాదని చెప్పాను. తల ఊపాడు.

"పోనీలే. కాకి తెచ్చినట్టుండాది," అన్నాడు. "నేను నీళ్లు వదల్లేదన్నా. బ్లీచింగ్ ఏసినా. తూముకి ఎర్రగుడ్డ కట్టినా, కామమ్మ చీర చించి. ఏటెంబడి అందరికీ చెప్పుకుంటా వచ్చినా. నువ్వు మళ్లీ పంట ఎయ్యాల గదా, వారం దాకా మోటారు ఎయ్యబాక. నీ గుంటన్నా బతకాల."

లేచి, గుమ్మం దగ్గర ఆగాడు.

"సదస్సుకి ముందురోజే పట్టేసి మంచి పని చేసినావన్నా. అదృష్టవంతుడివి."

అవును, పాఠకులారా. సదస్సుకి ముందురోజు సోమవారం. కౌంట్ వచ్చిందని నవ్వుతూ అందరికీ చెప్పాను. ఆటు చూసి నీళ్లు వదిలాను. నా రొయ్యల తలల మీద మచ్చలు నేనొక్కడినే చూశాను. అతను గుమ్మంలో నిలబడినంతసేపూ చెబుదామని నోరు తెరిచాను. "టీ తాగుతావా?" అన్నాను.

కాబట్టి శాస్త్రవేత్తలకు నా విన్నపం. రొయ్యను కాస్త పక్కన పెట్టండి. ఎంజైము ముందు నాకు కావాలి. చిరునామా తప్పిపోయే ప్రమాదం లేదు: మైపాడు, ఉప్పుటేటి ఎగువన, ఎర్రగుడ్డ కట్టని తూము.